అక్క బండికి డీజిల్ దారి

ఇంజనీరింగ్ కాలేజీలో ఇంధన వ్యవస్థల పాఠం నాలా ఇంకెవరూ చెప్పలేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి. ట్యాంకు, ఫిల్టరు, పంపు, ఇంజెక్టరు అని బోర్డు మీద నాలుగు బొమ్మలు గీసి, బాణాలు పెట్టి, డీజిల్ ఎటు పోయి ఎటు తిరిగొస్తుందో చెప్తుంటే వెనక బెంచీల వాళ్లు కూడా ఫోన్లు లోపల పెట్టేసేవాళ్లు. పేపర్లు దిద్దడంలో మాత్రం నాకు చెడ్డ పేరు. పెద్ద ప్రశ్నలకు కాస్త దయ చూపిస్తానేమో గానీ, రెండు మార్కుల ప్రశ్న తప్పు రాస్తే సున్నా చుట్టి, పక్కన 'ఇది కూడా తెలియదా' అని రాయడం అలవాటు. అట్లాంటి నన్ను, నా కాలేజీ గేటు ముందరే, నా విద్యార్థుల కళ్లెదుటే, మూడు రోజులు వరసగా నిలబెట్టి పరువు తీసింది మా అక్క బండి.

మా అక్కది టిఫిన్ బండి. ఒకప్పటి పాత చిన్న ట్రక్కు. వెనక భాగానికి రేకుల గది కట్టించి, ఒక పక్క రేకును పైకి లేపితే నీడ, కిందికి దించితే తలుపు అయ్యేటట్టు చేయించింది. లోపల రెండు పొయ్యిలు, దోసెల పెనం, ఇడ్లీ పాత్ర, కదలకుండా గోడకు బిగించిన చట్నీ గిన్నెలు. మా కాలేజీ ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ల గేటు పక్కన కానుగ చెట్టు కింద ఇరవై ఏళ్లకు పైగా అదే జాగా. పొద్దున్నే తార్నాకలో ఇంటి నుంచి తనే నడుపుకుంటూ వచ్చేది, మధ్యాహ్నం దాటాక నడుపుకుంటూ పోయేది. నేను ఈ క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఆ బండి మీదే తిన్నాను. అక్క చదువు పదో తరగతితో ఆగింది. నా చదువు ఆగకుండా చూసింది ఆ పెనమే. హాస్టల్ పిల్లలందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు, కానీ నాకు సొంత అక్క.

ఆ బండి ఇంజన్ ఒకరోజు చెట్టు కింద ఉండగానే చచ్చిపోయింది. ఇంక లేవదని చూసినవాళ్లందరూ చెప్పారు. అక్క పెద్దగా బాధపడలేదు. బండి ఎట్లాగూ అక్కడే ఉండాలి, పొయ్యి వెలగడానికి ఇంజన్ అవసరం లేదు. చక్రాల కింద ఇటుకలు పెట్టి, పిండి గిన్నెలు ఆటోలో తెచ్చుకుని, కొన్ని నెలలు అట్లాగే నడిపించింది. బండి కింద ఒక పిల్లి పిల్లల్ని కూడా పెట్టింది. అంతా బాగానే ఉందనుకునే సమయానికి క్యాంపస్‌కు కొత్త సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు.

మర్యాదగల మనిషే. అరవడు, కసరడు. వచ్చి ఇడ్లీ తిని, చేయి కడుక్కుని, అప్పుడు అడిగాడట. "అమ్మా, ఇది బండా, దుకాణమా?"

"బండే సార్. చక్రాలున్నయి కదా."

"చక్రాలుంటే బండి కాదమ్మా. పొద్దున వచ్చి సాయంత్రం పోతే బండి. ఉన్నకాడ్నే ఉంటే దుకాణం. దుకాణాలకు క్యాంపస్‌ల పర్మిషన్ లేదు."

సెలవుల తర్వాత హాస్టళ్లు తెరిచే సోమవారం పొద్దున ఏడింటికల్లా బండి తన ఇంజన్‌తో తాను గేటు దాకా రావాలన్నాడు. తాడు కట్టి లాక్కొస్తే చెల్లదు, తోసుకొస్తే చెల్లదు. రాకపోతే ఆ జాగా కోసం దరఖాస్తు పెట్టుకున్న జ్యూస్ వ్యాన్‌కు ఇచ్చేస్తానన్నాడు. తిన్న ఇడ్లీలు బాగున్నాయని కూడా చెప్పి పోయాడట.

ఆ సాయంత్రం అక్క మా ఫ్లాట్‌కు వచ్చింది. ఆమె ఇల్లు మా వెనక గల్లీలోనే. వచ్చీ రాగానే కొంగు దోపి, సింకులో ఉన్న నా గిన్నెలన్నీ తోమడం మొదలుపెట్టింది. అక్కకు దిగులు కలిగితే ఏడవదు, ఎదుటివాళ్ల ఇంట్లో గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతుంటే సంగతి పెద్దదని నాకు అర్థమైంది.

"ఇరవై ఏండ్ల జాగా చెల్లె," అన్నది అటు తిరిగే. "ఆ చెట్టు కింద కాకుంటే నేను ఇంకేడ కూసుంట? ఎవలు గుర్తుపడతరు నన్ను?"

"నేనున్న కదా అక్కా. ఇంజన్లు నాకు చెప్తవా?" అన్నాను.

ఆ మాటకు ఆమె గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నన్ను ఇంజనీరుగా చూడటం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను.

తార్నాకలో మెయిన్ రోడ్డు వెనక ఒక షెడ్డు ఉంది. అక్కడి ఉస్తాద్ పాత బండ్లకు పేరున్న మెకానిక్. అతనే కాచిగూడ దిక్కు ఎవరి దగ్గరో విప్పేసిన ప్యాసింజర్ వ్యాన్ నుంచి మంచి డీజిల్ ఇంజన్ ఒకటి తెప్పించాడు. బండిని తాడు కట్టి షెడ్డుకు లాగించి, వారం రోజుల్లో పాతదాన్ని దించి, కొత్తదాన్ని కూర్చోబెట్టి, గేరు పెట్టెకు కలిపి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజన్ కూసున్నది మేడం. ఇగ దీనికి అన్నం పెట్టుడే ముష్కిల్," అన్నాడు.

అతను చెప్పింది నిజమే. చచ్చిపోయిన ఇంజన్ తన డీజిల్‌ను తానే ట్యాంకు నుంచి పీల్చుకునే రకం. ఈ వ్యాన్ ఇంజన్‌కు వెనక నుంచి ఎవరో తోసి పంపాలి. పైగా తాగగా మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపుతుంది, అది మళ్లీ ట్యాంకులోకి చేరాలి. మా పాత ట్యాంకుకు బయటికి పోయే పైపు ఒక్కటే ఉంది, తిరిగొచ్చే దారే లేదు. అంటే ట్యాంకు పక్కన కరెంటు పంపు బిగించాలి, పెద్ద ఫిల్టరు పెట్టాలి, ట్యాంకుకు ఇంకో రంధ్రం చేసి తిరుగు పైపు అతికించాలి. ఆ పని నాది అన్నాను. ఒక ఆదివారమంతా కూర్చుని పైపుల కొలతలు, వంపులు, అన్నీ లెక్కకట్టి పెద్ద కాగితం మీద బొమ్మ గీసి పట్టుకుపోయాను.

ఉస్తాద్ దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "అరె మేడం, గాడీ కాగితం మీద నడవది," అని, దాన్ని నేల మీద పరిచి దాని మీద నట్లు, బోల్టులు వరసగా పేర్చుకున్నాడు. కాగితం గట్టిదని మెచ్చుకున్నాడు కూడా.

తిరుగు పైపు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ తగువు పడింది. బయటికి పోయే పైపు పక్కనే పెడితే పని సులువు అంటాడు ఉస్తాద్. వెనక్కి వచ్చే డీజిల్‌తో బుడగలు వస్తాయి, అవి మళ్లీ ఇంజన్‌లోకి పోతాయి, అందుకని దూరంగా పెట్టాలి అంటాను నేను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆఖరికి అతను రెండు చేతులూ ఎత్తి, మీ మాటే ఖాయం అన్నాడు.

ట్యాంకు కడగడం మాత్రం అక్క ఎవరికీ ఇవ్వలేదు. గిన్నెలు తోమడంలో ఆమెకు సాటి ఎవరని. దించిన ట్యాంకులో వేడినీళ్లు, చింతపండు పులుసు, గుప్పెడు కంకర వేసి, నేనొక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని బిడ్డను ఊపినట్టు ఊపాము. ఎర్రటి తుప్పు నీళ్లు కారిపోయి లోపల మెరిసింది. రెండు రోజుల పాటు షెడ్డంతా డీజిల్‌తో కలిపిన పులిహోర వాసన. తర్వాత ఉస్తాద్ దాన్ని నీళ్లతో నింపి పెట్టుకుని జాగ్రత్తగా తిరుగు పైపు అతికించి, ఆరబెట్టి, మళ్లీ బిగించాడు.

మిగిలింది ట్యాంకు మూత. పాత మూతకు రబ్బరు ఎప్పుడో పోయింది. అక్క తన పాత జాకెట్ గుడ్డను నాలుగు మడతలు పెట్టి దాని కింద కుక్కి నడిపించేది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డీజిల్ చింది ఆ పక్కంతా నల్లగా జిడ్డు. నాకు చూస్తేనే ఒళ్లు మండింది. రామంతాపూర్ పోయి, వెతికి, మంచి రబ్బరు ఉన్న కొత్త మూత తెచ్చి నా చేత్తో బిగించాను.

"ఇగ చుక్క బయటికి రాదు అక్కా. గాలి కూడా దూరది," అన్నాను గొప్పగా.

గురువారం పొద్దున డీజిల్ పోసి, పైపుల్లో గాలి తీశాము. ఫిల్టరు మీద స్క్రూ కొంచెం వదులు చేసి చేతి పంపు నొక్కుతుంటే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేని డీజిల్. అప్పుడు స్క్రూ బిగించాలి. ఇవన్నీ పుస్తకంలో చదివి, పిల్లలతో చదివించినవే. నా చేతుల మీదుగా జరగడం మాత్రం మొదటిసారి. తాళం తిప్పగానే ఇంజన్ ఒక్కసారి గొంతు సవరించుకుని అందుకుంది. ఉస్తాద్ నా వైపు చూసి తల ఊపాడు. నాకు డాక్టరేట్ వచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

ఇంక అక్క చేతుల్లోకి పోయింది వ్యవహారం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. బానెట్‌కు, స్టీరింగ్‌కు, నాలుగు చక్రాలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అన్నీ అయ్యాక పళ్లెం నా ముందుకు చాపింది.

"ఇగో, డీజిల్ మూతకు నువ్వు పెట్టు. బండికి నోరు అదే. దాని అన్నం సంగతి చూసింది నువ్వే కదా."

నాకు ఈ అలవాట్లు లేవు. యంత్రానికీ పసుపుకూ సంబంధం లేదని, నూనె సరిగ్గా పోసి, ఫిల్టర్లు మారిస్తే చాలని మొదలుపెట్టాను.

"లెక్చర్ కాలేజీల చెప్పు. ఈడ బొట్టు పెట్టు," అన్నది.

సరే అనుకున్నాక సగం సగం పని నాకు చేతకాదు. పసుపును నీళ్లతో చిక్కగా కలిపి, మూత మొత్తం మందంగా పట్టించాను. నడిమధ్యలో బొటనవేలితో గట్టిగా అదిమి, పెండ్లికూతురికి పెట్టినంత కుంకుమ బొట్టు పెట్టాను. ఉస్తాద్ ఫోన్ తీసి ఫోటో కూడా తీశాడు.

అక్క నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. తార్నాక రోడ్డు మీద బండి హాయిగా పోయింది. క్యాంపస్‌లోకి తిరిగాము. చిన్న ఎత్తు ఎక్కి, సరిగ్గా మా ఇంజనీరింగ్ కాలేజీ గేటు ముందరికి వచ్చేసరికి పంపు గొంతు మారింది, ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెలవులే గానీ ప్రాజెక్టుల పేరుతో ఉండిపోయిన పిల్లలు పది మంది దాకా అక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పరుగున వచ్చారు.

"మేడం, ఎయిర్ లాక్ అయి ఉంటది," అన్నాడొకడు.

"కాదురా, ఫిల్టర్ చోక్. మేడం నోట్స్‌ల రెండో పాయింట్," అన్నది ఒక అమ్మాయి.

"మేడం, ఇది సెమిస్టర్ల వస్తదా?" అన్నాడు మూడోవాడు.

నా నోట్సులో మొదటి పాయింటు, 'ముందుగా ట్యాంకులో ఇంధనం ఉన్నదీ లేనిదీ చూడవలెను.' నేను రాసిన నోట్సును నేనే పాటించకపోతే ఎట్లా. దిగి, మూత తిప్పి తీసి, ఫోన్ లైటు వేసి చూశాను. నిండుగా ఉంది. మూత పెట్టేసి, ఫిల్టరు స్క్రూ వదులు చేసి గాలి తీసి, మళ్లీ బిగించాను. స్టార్ట్ అయింది. "చూశారా, ఎయిర్ లాక్," అన్నాను పిల్లలతో. వెనక్కి పోవడమంతా పల్లం కాబట్టి ఎట్లాగో షెడ్డు చేరాము. ప్రతి జాయింటునూ విప్పి బిగించాము. నా చెయ్యి తగిలి మూత మీద బొట్టు చెరిగిందని అక్క మళ్లీ పళ్లెం తెచ్చింది. చెరిగిన బొట్టు మంచిది కాదట. మళ్లీ పెట్టాను, ఇంకొంచెం మందంగా.

శుక్రవారం ఉస్తాద్ నమాజ్ నుంచి వచ్చాక బయలుదేరాము. అదే ఎత్తు, అదే గేటు, అదే దగ్గు. మూత తీసి చూశాను, డీజిల్ ఉంది. ఫిల్టరు మార్చాను. స్టార్ట్ అయింది. తప్పు ఫిల్టరుదని పిల్లలకు వివరించాను. శనివారం పంపు మార్చి తెచ్చాము. మేము మలుపు తిరగడం చూడగానే మా కాలేజీ వాచ్‌మన్ చక్రం కింద పెట్టడానికి రాయి పట్టుకుని లేచి నిలబడ్డాడు. అతని నమ్మకం వమ్ము కాలేదు. మూత తీసి చూశాను, డీజిల్ ఉంది. పైపులన్నీ తట్టాను, స్టార్ట్ అయింది. ఈసారి పిల్లలకు ఏమీ వివరించలేదు. వాళ్లూ అడగలేదు. వాళ్లు అడగకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఉస్తాద్ తిరుగు పైపు దూరం పెట్టడమే తప్పన్నాడు. నేను అతను తెచ్చిన ఇంజనే తప్పన్నాను. అతను సంచి సర్దుకుని టీ తాగడానికి పోయాడు. అక్క నాకు మళ్లీ పసుపు పళ్లెం ఇచ్చింది, నేను మళ్లీ బొట్టు పెట్టాను. అప్పటికి ఆ మూత మీద పసుపు పొర మీద పొర ఎండి గట్టిపడింది.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి పోయాను. పప్పు, బియ్యం నానబోసి ఉన్నాయి. గ్రైండరు తిరుగుతోంది. సోమవారానికి పిండి రుబ్బుతోంది, బండి వస్తుందన్న నమ్మకంతో. ఆ పిండి చూసేసరికి నా ధైర్యమంతా దిగిపోయింది.

"అక్కా, నాతోని అయితలేదు," అన్నాను. "ఏం తప్పున్నదో నాకు తెలుస్తలేదు. నన్ను నమ్మి నువ్వు ఆగమైతున్నవ్." అంటుంటేనే ఏడుపు వచ్చింది. పదేళ్లుగా తెలియదు అన్న మాట పిల్లల పేపర్లలో చదవడమే గానీ నా నోటితో అనలేదు. ఈమె పొద్దున్నే లేచి పెనం ముందు నిలబడకపోతే నాకు ఆ బోర్డు లేదు, ఆ చాక్‌పీసు లేదు. ఈమెకు ఒక్కసారి నా చదువు అవసరం పడితే, అది కాలేజీ గేటు కూడా దాటలేదు.

"ఏడిస్తే బండి నడుస్తదా. పట్టు ఈ డబ్బా," అన్నది.

కొత్త నూనె డబ్బా. ముక్కు లేని రేకు డబ్బా, పైన ఒక మూలకు మేకు పెట్టి కొట్టి రంధ్రం చేసింది. నేను డబ్బా వంచాను. నూనె గుడగుడమని కొంచెం వచ్చి ఆగిపోయింది. ఇంకా వంచాను. చుక్క రాలేదు.

"ఎంత వంచినా రాదే. గాలి పోవద్దా లోపలికి," అని నా చేతిలోంచి డబ్బా తీసుకుని నిలబెట్టి, ఎదురు మూలకు ఇంకో రంధ్రం కొట్టింది. ఈసారి వంచగానే నూనె ధారగా పడింది. అక్క ఆ ధారనే చూస్తూ ఉండిపోయింది. గిన్నె నిండి పొర్లబోతుంటే డబ్బా లేపి, నా వైపు చూసింది.

"చెల్లె, బండి ట్యాంకుకు గాలి పోయే బొక్క ఏడున్నది?"

"తిరుగు పైపు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"అది డీజిల్ వచ్చేది కదనే. నేను గాలి అడుగుతున్న. మూడు రోజుల సంది నువ్వు మూత తీసినప్పుడల్లా లోపల స్‌స్ అని గుంజుకుంటున్నది. నువ్వు పిల్లలతోని మాట్లాడుకుంట వినలే. నేను విన్న."

నేను నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. మూతలో. గాలి రంధ్రం ఉండేది మూతలో. సూది మొనంత రంధ్రం, సరిగ్గా నడిమధ్యలో, నేను మూడు రోజులుగా బొటనవేలితో అదిమి అదిమి బొట్టు పెట్టిన చోట. ట్యాంకు మూతకు రంధ్రం ఎందుకు? ఇది నేను ప్రతి ఏడూ ఇచ్చే రెండు మార్కుల ప్రశ్న. డీజిల్ తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి, పోకపోతే పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ప్రతిసారీ మూత తీసి చూసినప్పుడు గాలి లోపలికి పోయి బండి స్టార్ట్ అయ్యేది, ఆ ఘనత నేను ఫిల్టరుకు, పంపుకు, నా తెలివికి ఇచ్చేదాన్ని. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

"ఇరవై దసరాలకు పసుపు పెట్టిన ఆ మూతకు, ఏనాడూ ఏం కాలే," అన్నది అక్క ఆశ్చర్యంగా.

"పాత మూతకు నీ జాకెట్ గుడ్డ సందులకెళ్లి గాలి పోయేది అక్కా. కొత్తది తెచ్చింది నేనే. బొట్టు పెట్టింది నేనే."

షెడ్డుకు పోయాము. ముందు రోజు అలిగి టీకి పోయి, మళ్లీ షెడ్డుకు చేరిన ఉస్తాద్‌కు చెప్తే నమ్మలేదు. సరే అని బండి తీసి గల్లీల్లో చుట్లు తిరిగాము. నాలుగో చుట్టుకు పంపు గొంతు మారింది, ఇంజన్ దగ్గడం మొదలైంది. షెడ్డు ముందు ఆపి, అది పూర్తిగా చావకుండా నేను యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నాను. అక్క దిగి, గాజుకు పెట్టుకున్న పిన్నీసు ఊడదీసి, మూత మీద ఎండిన పసుపును గోటితో గీకి, నడిమధ్యలో గుచ్చింది. ట్యాంకు పెద్ద ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది. లోపలికి లొట్టపోయిన రేకు డబ్బున బయటికి వచ్చింది. నా కాలి కింద ఇంజన్ దగ్గు మానేసి మళ్లీ మామూలుగా అందుకుంది.

ఉస్తాద్ రెండు చెంపలూ వేసుకున్నాడు. "మేడం, నేను ఎవ్వలికీ చెప్ప. కసమ్," అన్నాడు. చెప్పలేదు కూడా. ఫోటో మాత్రం ఇప్పటికీ అతని ఫోన్‌లో ఉంది.

సోమవారం పొద్దున అక్క మూతను శుభ్రంగా తుడిచి, రంధ్రానికి ఒక పక్కగా చిన్న బొట్టు తనే పెట్టింది. నాకు పళ్లెం ఇవ్వలేదు. ఇడ్లీ పిండి, చట్నీలు, సాంబారు సర్దుకుని ఆరున్నరకు బయలుదేరాము. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ రాయి పట్టుకుని లేచాడు. పిల్లలు మెట్ల మీద నిలబడ్డారు. బండి ఎత్తు ఎక్కింది, గేటు దాటింది, దాటిపోయింది. అక్క ఎవరినీ చూడకుండా ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టింది. పిల్లలు ఈలలు వేసుకుంటూ వెనక పరుగెత్తి వచ్చారు.

కానుగ చెట్టు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు అప్పటికే వచ్చి వాచీ చూసుకుంటున్నాడు. ఇంజన్ బంద్ చేయమన్నాడు, మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. ముందుకు, వెనక్కి నడిపించాడు. తర్వాత చేతిలోని పుస్తకం తెరిచి ఏదో రాసుకుని, "బండే అమ్మా ఇది. ఉండండి ఈడ్నే," అన్నాడు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవదన్నాను కదా, ఆ రోజు మాత్రం తుడుచుకున్నది చెమట కాదు.

"మూడు దినాలు కాలేజీ కాడ ఆగిందట కదా. ప్రాబ్లం ఏముండె మేడం?" అన్నాడు ఆఫీసరు నా వైపు తిరిగి. వెనక పిల్లలందరూ చెవులు రిక్కించారు. నేను నోరు తెరిచేలోపలే అక్క పొయ్యి వెలిగిస్తూ అందుకుంది.

"ఏం లేదు సార్. దిష్టి తగిలింది. మా చెల్లె పెద్ద చదువు చదివింది కదా, తీసేసింది."

ఆఫీసరు నన్ను ఒకసారి కింది నుంచి పై దాకా చూశాడు. "మీరు దిష్టి కూడా తీస్తరా మేడం?"

అవునని ఊరుకుంటే సరిపోయేది. నా పరువు కాపాడటానికే అక్క ఆ మాట అన్నది. కానీ ఇన్నేళ్లూ తన పేరు ఎక్కడా లేకుండా నన్ను నిలబెట్టిన మనిషి, ఇవాళ తను కనిపెట్టింది కూడా నాకే ఇచ్చేస్తుంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"దిష్టి కాదు సార్," అన్నాను, పిల్లలకు కూడా వినపడేటట్టు. "ట్యాంకు మూతకు గాలి పోయే బొక్క ఉంటది. దాన్ని పసుపు పెట్టి నేనే మూసిన, ఈ బొటనవేలితోని. మూడు దినాలు నాకు తెల్వలే. కనిపెట్టింది మా అక్క, నూనె డబ్బా చూసి."

వేలు పైకెత్తి చూపించాను. పసుపు ఇంకా పోలేదు. వెనక వరసలోంచి ఒక గొంతు చాలా వినయంగా వచ్చింది.

"మేడం, అది రెండు మార్కుల క్వశ్చన్ కదా?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు నిలబడ్డాను. ముందు ఎవరు నవ్వారో తెలియదు, ఆఫీసరుతో సహా అందరూ నవ్వారు. ఆఖరికి నేనూ నవ్వాను.

అక్క మాత్రం నవ్వలేదు. ఇడ్లీలు ఉడికాక పాత్ర మూత లేపి, ఆవిరి పోనిచ్చి, మొదటి వాయి ఇడ్లీలు పళ్లెంలో పెట్టి, వరసలో ముందున్న పిల్లలను పక్కకు జరిపి నాకు అందించింది.

"చెప్పకపోతే ఏం పోయేది," అన్నది మెల్లగా. మళ్లీ పళ్లెం వెనక్కి లాక్కుంది. "పో, చేయి కడుక్కొని రా. ఆ వేలు నా చట్నీల పెడతవా?"